పదిహేడో లాటు

కాశీబుగ్గలో జీడిపప్పు దుకాణం మేడ మీద
మా ఆఫీసు.
కింద బట్టీ వెలిగితే పైన నా రిజిస్టర్లకి
పొగ వాసన పడుతుంది.
నాకు మొక్కలు తెలీవు. పద్దులు తెలుసు.
విత్తిన తేదీ, గింజల లెక్క, మొలకల లెక్క.
ఈ మూడు గళ్ళే నా అడివి.

పద్మలోచన పాత్రో మేడం
ఇచ్ఛాపురంలో బోటనీ చెప్పి రిటైరయ్యారు.
ఆఫీసు అద్దె ఆవిడ పింఛన్లోంచి పోతుంది.
ఆవిడ చెప్పరు, పాసుపుస్తకం చెబుతుంది.
ఢిల్లేసు సంచుల్లో మట్టి నింపుతాడు,
రాని జీతం అడగడానికని మెట్లెక్కి వచ్చి
కొత్త జల్లెడ కొనాలని చెప్పి దిగిపోతాడు.
సవర సొంబరి మందస కొండ దిగి
బుధవారం బుధవారం వస్తుంది,
కొంగున ముడేసిన గింజలతో.

తుపాను కొబ్బరిని పడుకోబెట్టిన ఏడాది
ఊళ్ళన్నీ అడిగినవి కొబ్బరి మొక్కలు, జీడి అంట్లు.
మా దగ్గరున్నవి ఎవరూ అడగనివి.
"ఇది కాస్తే అమ్ముడవుతాదేటి?"
"ఇది ఇక్కడిదే బావూ" అనేవాడు ఢిల్లేసు.
అది జవాబు కాదని వాడికీ తెలుసు.

పదిహేడో లాటుకి తెలుగు పేరు లేదు.
సొంబరి చెప్పిన పేరు నా నాలిక మీద నిలవదు,
మేడం చెప్పిన లాటిను పేరు గడిలో పట్టదు.
అంకె వేశాను.
వేడినీళ్ళలో నానబెట్టారు. మొలక సున్నా.
గరుకు కాగితంతో రుద్దారు. సున్నా.
రెండేళ్ళు నా చేత్తో సున్నాలు చుట్టాను
గుండ్రంగా, శ్రద్ధగా,
అవే గింజలన్నట్టు.

ఒక బుధవారం సొంబరి ఆ ట్రే చూసి నవ్వింది.
"దీన్ని ఎలుగొడ్డు తినాల.
దాని కడుపులోంచి వస్తేగాని కళ్ళు తెరవదు."

ఢిల్లేసు నవ్వలేదు.
వాళ్ళ చిన్నాన్న గురువులుది
జీడితోటలో ఎలుగు మిగిల్చిన ముఖం.
ఎడమ కన్ను లేదు. కుట్లు పడ్డ పెదవి మీద
బీడీ నిలవదు.
ఆ జంతువు పేరెత్తితే ఆ ఇంట్లో
ముద్ద సగంలో ఆగుతుంది.

అయినా తెల్లారగట్ల వాడే వెళ్ళాడు,
కర్ర, గోనెసంచి, రేకు డబ్బా.
వాయించుకుంటూ వెళ్ళాడట,
నడుమ ఎక్కడో చెయ్యి వణికి
తాళం తప్పిందట.

పలాస బస్సులో కండక్టరు ముక్కు మూసుకుని
"ఏటది?"
"విత్తనాలు."
"ఏ విత్తనాలు?"
"మొలిస్తే తెలస్తాది."
లగేజీ టికెట్టు కొట్టి చివరి సీటుకి తోలాడు.

ఆ టికెట్టు నా బల్ల మీదికొచ్చింది.
వోచర్లో ఏం రాయాలో తోచక ఉన్నదే రాశాను:
ఎలుగు పెంట, రవాణా, నలభై రూపాయలు.
విశాఖ నుంచి వచ్చిన ఆడిటరు
ఆ వరుస దగ్గర కళ్ళజోడు తీసి తుడిచి
మళ్ళీ పెట్టుకుని
ఏమీ అనకుండా టిక్కు కొట్టాడు.

కుళాయి కింద ఇద్దరూ జల్లెడ పట్టారు,
మేడం కుచ్చెళ్ళు దోపి, ఢిల్లేసు ముక్కుకి తువ్వాలు చుట్టి.
కింది దుకాణం వాడు కంపని గొడవకొచ్చాడు.
వాడి పొగ పదేళ్ళుగా పీలుస్తున్నామని
మేడం మొదటిసారి గొంతు పెంచారు.
పనస పిక్కలు పక్కకి, రాళ్ళు పక్కకి,
నల్లగా మిగిలినవి అరవై మూడు.

ముప్పై ఏడో రోజు
రిజిస్టరు పట్టుకుని నర్సరీకి రమ్మన్నారు.
తొమ్మిది.
అలవాటు పడ్డ పెన్ను ముందు సున్నాయే చుట్టింది.
తర్వాత
దానికి తోక గీశాను.

ఒక మొక్కని గురువులు తోటకి తీసుకెళ్ళాం.
ఒంటికన్నుతో దాన్ని చాలాసేపు చూశాడు.
"దీని పళ్ళకి అది వస్తాదేటి?"
అబద్ధం చెబుతాడేమో అనుకున్నాను.
"వస్తాది చిన్నాన్నా" అన్నాడు ఢిల్లేసు.
ఆయన ఊరి వైపు చూశాడు,
మహేంద్రగిరి వైపు చూశాడు.
"ఐతే కొండ దిక్కున పాతు.
అక్కడే తినీసి ఎలిపోతాది."

పలుగు తనే అందుకున్నాడు.