పద్నాలుగో వరుస

డిస్కో అఖాతంలో, మంచుగడ్డల సందున
నివి సీసా ముంచింది.
పావియా ఇంజిను ఆపి నవ్వాడు:
"ఇంత సముద్రంలో లీటరేనా?"

లీటరే.
అందులో కంటికి నలుసైనా లేదు.
కేబిన్‌లో వడగడితే
తెల్లకాగితం మీద గోరంత మరక,
టీ గ్లాసు ఎత్తేసిన చోటులా.

నీటి మీద రాత నిలవదంటారు.
నిలుస్తుంది, కొన్నాళ్లు.
చలినీళ్లలో ఇంకొన్నాళ్లు.
ఏ నాచు ఎక్కడ పొట్టు రాల్చిందో,
ఏ తుఫానుకి రాతి మీద పట్టు వదిలి
వెలుగెరగని బురదలోకి దిగిందో
ఆ మరక చెబుతుంది
అడగడం తెలిసినవాళ్లకి.

"అయితే ఒకటి అడుగు," అన్నాడు పావియా,
చేతితొడుగు పళ్లతో లాగుతూ.
"మా నాయనమ్మ బెనెడిక్తె ఏరేది,
ఎర్రది, చెవి తమ్మెంత పల్చన.
సీల్ కొవ్వు అద్దుకుని తినేవాళ్లం.
రొయ్యల ఫ్యాక్టరీ వచ్చాక
ఆ ఒడ్డుకి నేను పోలేదు.
ఉందో లేదో."

మార్చిలో ఫలితం వచ్చింది.
పద్నాలుగు వరుసలు. పదమూడింటికి పేర్లు.
పద్నాలుగోదానికి ఇంటిపేరు దొరికింది, ఎర్రనాచు అని.
అసలు పేరు ఏ జాబితాలోనూ లేదు.

నివి ఫోన్ చేసింది:
"మీ నాయనమ్మ దాన్ని ఏమని పిలిచేది?"

అవతల చాలాసేపు గాలి. కుక్కలు.
"ఉండు," అన్నాడు, "నోట్లో నానుతోంది."

ఉప్పు తగిలింది.
పంటి కింద ఆ సాగుడు కూడా.
పేరే రాలేదు.