రెండు తూకాల మధ్య

పరుగుకి ముందోసారి, తర్వాతోసారి
చేపల కాటా మీద నిలబెట్టేవారు మమ్మల్ని
అప్పలకొండ మాస్టారు.
హార్బర్లో మా పిన్ని వంజరాలు తూచి తూచి
ముల్లు కాస్త ఎడమకి వాలిపోయిన కాటా అది.
"వంద గ్రాములు దాని తప్పు, మిగతాది మీది" అనేవారు.

తెల్లారి ఐదింటికి యాభై ఒకటీ నాలుగొందలు.
సబ్‌మెరైన్ దగ్గర మొదలెట్టి, తెన్నేటి పార్కు ఎత్తెక్కి,
జోడుగుళ్లపాలెం దాటి, రుషికొండ ముట్టుకుని
వెనక్కొస్తే
నలభై తొమ్మిదీ ఎనిమిదొందలు.
ఎక్కడ పారేసుకున్నాను అంత నన్ను?
రోడ్డంతా వెతికినా చుక్క కనబడదు.

విశాఖ ఉక్కపోత సంగతి తెలుసు కదా,
గాలే ఒక తడిగుడ్డ. ఇంకొకరి చెమట పుచ్చుకోదు.
ఎగిరిపోతేనే కదా అది ఒంటిని చల్లబరిచేది.
మోకాలి మీంచి జారి బూట్లోకి దిగి
పచ్ పచ్‌మంటుంది
ఏ పనీ చెయ్యకుండా ఖర్చయిపోయిన డబ్బులాగ.

మాస్టారు స్టీల్‌ప్లాంటు మనిషి.
ఇరవై ఆరేళ్లు కరిగిన ఇనుముకి ఎదురు నిలబడి
తోటివాళ్ల వీపుల మీద ఉప్పు పటాలు గీయడం చూసినవారు.
నా బనీను మీది తెల్లచార గోటితో గీకి
"ఇది నీ ఉప్పేనే గుంటా, సముద్రానిది కాదు.
మళ్లీ లోపలెట్టుకో" అని
పల్చటి మజ్జిగ గ్లాసు చేతికిచ్చేవారు.

ఇంకోటి అడిగేవారు, అందరి ముందూ.
"ఉచ్చ ఏం రంగే పొద్దున్న?"
కుర్రాళ్లు నవ్వుకుంటూ చెప్పేసేవాళ్లు,
గడ్డిరంగనీ, డికాషనీ.
నేను కాటా ముల్లు వంక చూసేదాన్ని.

రాత్రి ఎనిమిది దాటితే నేను నీళ్లు ముట్టను.
ఆ వేళప్పుడు ఆ దారంతటా
తాళం తీసున్న ఆడవాళ్ల దొడ్డి ఒక్కటీ లేదు.
కుర్రాళ్లకి సరుగుడు తోపుంది, గోడుంది, చీకటుంది.
నాకు అట్ట కట్టిన నాలుకుంది.
ఈ మాట ఏ నోటితో చెప్పను?

పోటీ రోజున పద్నాలుగో కిలోమీటరు దాకా బానే ఉన్నాను.
ఆ తర్వాత
గుండె నన్నొదిలేసి ముందుకెళ్లిపోయింది.
అదే అడుగు, అదే వేగం,
దానికి మాత్రం కైలాసగిరి మెట్లెక్కుతున్నట్టు దడదడ.
రక్తం చిక్కబడితే అంతేనట,
అడుగంటిన బావిలో మోటారు వేసినట్టు.
ఎర్రటి ఎండలో చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి.
చలి!
ఎడమపక్క సముద్రం, అంత సముద్రం,
గుక్కెడుకి కొరగాదు.

కళ్లు తెరిస్తే టెంటు. పక్క మంచం మీద
హైమావతి గారని, బ్యాంకులో పనట,
భయంకొద్దీ బల్ల బల్లకీ ఆగి
దాహం లేకపోయినా రెండేసి గ్లాసులు తాగారట.
ఉంగరం వేలిలోకి దిగిపోయింది.
కొడుకు పేరడిగితే తమ్ముడి పేరు చెబుతున్నారు.
ఆవిడ తూకం ఆరొందలు పెరిగింది.
నీళ్లు మనిషిని ఇలా కూడా ముంచుతాయని
గంగమ్మని కొలిచే ఇంట్లో పుట్టీ
నాకు తెలీదు.

మాస్టారు తిట్టలేదు.
"ఎందుకు తాగలేదే?" అన్నారు.
చెప్పాను. గోడవైపు తిరిగి చెప్పాను.
ఆయన చాలాసేపు
తన చెప్పుల వంకే చూసుకున్నారు.

సోమవారం, కాటా పక్కన
పురికొసకి కట్టిన తాళంచెవి ఒకటి.
జోడుగుళ్లపాలెం ఐసు షెడ్డు వెనక దొడ్డిదట.
ఎవరిని బతిమాలారో అడగలేదు.
"ఇది పట్టుకునే ఎక్కు.
దీని బరువు నేను తీసేస్తాన్లే" అన్నారు.

ఆ రాత్రి తొమ్మిదింటికి చెంబుడు నీళ్లు తాగాను.
రెండుసార్లు లేచాను, అమ్మ విసుక్కుంది.
మర్నాడు పొద్దున్న
ఆయన అడక్కముందే,
కుర్రాళ్లందరూ తలలు తిప్పేంత గట్టిగా
చెప్పాను,
గడ్డిరంగు మాస్టారూ!