లైన్లో ఉండండి

రాత్రి పదిన్నరకి
ఇసకపల్లి రొయ్యల గుంటల్లో
ఏరేటర్లు నీళ్లు చిలకతా ఉంటే
కాపలా గుడిసెలో నేనూ, రేడియోలో మాల్యాద్రీ.

ఎవర్నీ వదిలేవోడు కాదు.
మా కులపోళ్ల ఊరేగింపుని, పక్కోళ్ల విగ్రహాన్ని,
దేవుడి పేరు మీద చందా పుస్తకాలు మోసేవోళ్లని.
"ఏందబ్బయా, మీ సామికి కోపమొస్తే
నీ చేత ఫోన్ చేపిస్తాడా?"
నవ్వు మధ్యలో బీడీ దగ్గు.

ఎనిమిదిసార్లు ఎంగేజు.
తొమ్మిదోసారి దొరికాడు.
"నీ నాలిక కోసేవోడు పుట్టే ఉంటాడ్రా" అన్నా.
"పుట్టనీలే గానీ, వెనక ఆ చప్పుడు రొయ్యల గుంట కదా,
మేత ఏసొచ్చినావా?"
నిజంగానే మర్చిపోయినా ఆ రాత్రి.
తిట్టుకుంటానే లేచి పోయి, ఏసొచ్చినా.

దర్గామిట్టలో, స్టూడియో మెట్లమీద.
ముగ్గురు కుర్రోళ్లు, ఒకటే బండి.
డబ్బాలో చింతపండు పులుసన్నం అట్నే ఉండిందంట.
మూత మాత్రం వీధిదాకా దొర్లిందంట.

పోలీసులు పాత రికార్డులన్నీ ఇంటుండారు.
ఆ ముగ్గురూ ఒక్క రాత్రన్నా ఫోన్ చెయ్యలేదంట,
ప్రోగ్రాం ఎట్టుంటదో కూడా తెలీదంట.
మాట మాత్రం నాది.
నా గొంతుతోనే ఉంది, తారీకుతో సహా.

పదిన్నరైంది.
మేత ఏసొచ్చి ఆ నంబరే నొక్కినా.
"దయచేసి లైన్లో ఉండండి" అంటా ఉంది
ఎవరో ఆడమనిషి, ఎప్పుడో రికార్డు చేసింది.

ఉండా.