జర దూరం పో

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద
రెండు వందలు చెప్పి నూటిరవైకి ఇచ్చిండు.
అట్ట లేదు. అమెరికా పెయింటర్ల పుస్తకం,
ఇటుక లెక్క బరువు.
సుభాన్ ఉస్తాద్‌కు ఇంగ్లీష్ రాదు,
నాకు వచ్చినంత చదివిన.

దుకాణం ఎనక, ఫ్లెక్స్ మిషన్ గుర్రుమంటుంటే
కండ్లద్దాలు నుదుటికెక్కించి
పేజీ ముక్కుకు ఆనించుకొని చూస్తడు.
నలభై ఏండ్లు క్రాస్‌రోడ్ల టాకీసులకు
హీరోల మీసాలు దిద్దిన కండ్లు.

అర్ధరాత్రి. మూలమీది హోటల్.
అద్దాల ఎనక నలుగురు, బయట ఎవ్వరు లేరు.
"ఇరానీ హోటల్ లెక్కనే ఉంది గని
రోడ్డు మీదికి దర్వాజ ఏడుందిర?"
ఎతికినం. లేదు.
"ఎర్ర గౌనామె ఎవరు?"
హాపర్ భార్యనట, ఆమెనే నిలవడిందట.
ఆమె సుత పెయింటరే.
"మరి ఆమె ఏసినయి?"
పుస్తకమంత తిరగేసిన.
చాయ్ సల్లారింది.

కాన్వాస్ నేల మీద పరిచి
డబ్బతోని రంగు పారవోసినాయన్ని చూసి నవ్విండు:
"మన గోడౌన్ నేల గిట్లనే ఉండె,
ఒక్కడన్న కొన్నడా?"

ఆఖర్ల రోజెన్‌క్విస్ట్. నోరు తిరగలే,
జేమ్స్ భాయ్ అన్నడు.
న్యూయార్కుల హోర్డింగులు ఏసేటోడు.
"అరె, మనోడే!" లేచి నిలవడ్డడు.
తోటోళ్ళు ఇద్దరు పరంజ మీదికెల్లి పడి సచ్చినంక
ఆ పని ఇడిచిండట.
ఈ ముక్క నేను మెల్లగ చదివిన.
ఉస్తాద్ కూసున్నడు.

పెంటయ్య సంగతి ఆయన ఎత్తలే, నేను ఎత్తలే.
హీరోయిన్ చెవి కమ్మకు తెల్ల చుక్క పెట్టబోయిండు,
వెదురు ఇరిగింది.
చుక్క లేకుంటనే సినిమా వంద రోజులు ఆడింది.

"తర్వాత ఏం జేసిండు జేమ్స్ భాయ్?"
మిగిలిన రంగు గదికి తెచ్చుకొని
తనకోసం ఏసుకున్నడు,
ముఖాలు ముక్కలు ముక్కలు, గోడలంత.
"గంతే ఉంటది. మీదికెక్కినోడికి
ముఖం యాడ కనవడ్తదిర?
ఒట్టి గులాబి రంగు. పెద్ద చెరువంత."

రాత్రి పది దాటినంక మిషన్ బంద్ చేసిన.
ప్రింటు ఖరాబైన ఫ్లెక్సు, ఎవరిదో బర్త్‌డేది,
తిప్పి షట్టర్‌కు కట్టిండు.
మెట్ల కింది డబ్బల మీద రంగు తోలు కట్టింది.
స్క్రూడ్రైవర్‌తోని పొడిస్తే
లోపల ఇంక పచ్చిగనే ఉంది.
ముందుగాల ఒక తెల్ల చుక్క పెట్టిండు.
ఆమీద దాని సుట్టు, తెల్లారేదాక, గులాబి.

చాయ్ పిలగాడు గ్లాసులకొచ్చిండు.
"ఏం బొమ్మ తాతా?"
"దూరం పో, కనవడ్తది."
వాడు ఎనక్కి నడిచిండు,
రోడ్డు దాటిండు, డివైడర్ ఎక్కిండు.
ముషీరాబాద్ బస్సు హారన్ కొడుతుంది.
"ఇంకనా?"
"ఇంక జర."