జోనంగి పిల్లని ఇచ్చి పంపేటప్పుడు

ఆ గట్టు మింద పోబాక అబ్బయా,
తల్లి చూస్తాది.
ఈ కాలవ వారనే పో, అల్లూరు రోడ్డెక్కిందాకా.
సంచి మూతి కొంచెం తెరిచి పెట్టు,
దానికి నీ వాసన తెలియాల.

డబ్బులు లెక్కబెట్టుకున్నాలే, సరిపోయింది.
ఇది దేనికి పనికొస్తాదని గదా నువ్వడిగింది?
దేనికని చెప్పేది!
నాలుగొందల బాతుల్ని కోసిన మళ్ళలో దించి
మా ఆయన బీడీ ముట్టించే లోపల
దీని తల్లి, గవ్వ,
మంద చుట్టూ గీత గీసినట్టు ఒక తిరుగుడు తిరిగొస్తాది.
గీత దాటిన బాతుని నోట పట్టి తెచ్చి లోపలేస్తాది,
ఈక చెదరదు.
అదే నోరు పొద్దుగూకి
ఎలక బొక్క కాడ పెట్టామా,
ఇంక అది వేరే నోరు.
మా మామ అంకయ్య కుండలో పొగబెట్టి ఊదతా ఉంటే
ఇది రెండో బొక్క కాడ ఊపిరి బిగబట్టి నిలబడేది.
ఒక రాత్రి నూట పదమూడు తోకలు.
రైతు మళ్ళీ మళ్ళీ లెక్కబెట్టుకున్నాడు, నమ్మక.

మొరగలేదని దిగులు పడబాక.
మొరగడం ఈ జాతికి రాదు.
గొంతులో గోళీ దొర్లినట్టు
ఒక కూత కూస్తాది, సాగదీసి.
అది ఇన్నావంటే లేచి లైటెయ్యి.
నేనొకసారి లెయ్యలా.
విడవలూరు కాడ, ముసురు పట్టిన రాత్రి,
దుప్పటి తల మిందకి లాక్కోని
'పండుకోయే' అన్నా.
తెల్లారి చూస్తే బావురుపిల్లి కొరికిన బాతులు పదిహేడు.
గవ్వ కుడి చెవి సగం లేదు.
అది నన్నేమన్లా. కుక్క ఏమంటాది?
నెల రోజులు నా మంచం కింద కాకుండా
బాతుల కాడ పండుకునింది, అంతే.

రాగి సంగటి పల్చంగా పెట్టు.
నత్తలు దొరికితే ఉడకేసి గుల్ల తీసి పెట్టు.
కోడి ఎముకలు వద్దు.
పిలకాయలకి చెప్పు, చాక్లెట్లు పెట్టొద్దని.
పిడుదులు పడితే కానుగ నూనె రాయి,
చెవి లోపల చూడు, వేళ్ళ సందుల్లో చూడు,
దాక్కోవడం వాటికి మనకంటే బాగా తెలుసు.
బొచ్చు గోరంత గూడా లేదు గదా,
ధనుర్మాసం చలికి వణుకుతాది. పాత పంచె కప్పు.
కోవూరు ఆస్పత్రిలో సూది ఒకటి పడింది,
రెండోది పున్నమి దాటినాక.
చీటీ సంచిలోనే ఉండాది.
నాకు చదవడం రాదు గానీ
వానలో గూడా దాన్ని తడవనియ్యలా.

ఇంకో మాట.
ఇంట్లో ఒక్క మనిషి మాటే ఇంటాది.
ఆ మనిషి ఎవరో అదే ఎంచుకుంటాది.
నువ్వు కాకపోతే అలగబాక.
గవ్వని మస్తాను, అదే మా ఆయన,
కృష్ణా జిల్లా నుంచి లారీలో తెచ్చినాడు,
దారంతా చొక్కా లోపలే పెట్టుకోని.
కిందకి దించితే అది నేరుగా నా కాడికొచ్చింది.
ఆరు నెల్లు ఆయన దాన్ని పేరు పెట్టి పిలవలా.
'నీ కుక్క' అనేవాడు.

అడగడం మర్చిపోయినా,
కావలిలో మీ ఇంటికి నేలేంది? బండలా?
ఇది గుంత తవ్వుకోని పండుకునే జాతి.
బండ మింద గీకి గీకి గోళ్ళరిగిపోతాయి,
పిచ్చి పట్టిందనుకుంటావు నువ్వు.
మెట్ల కింద నాలుగు గంపల ఇసక పోయించు.
మేం మంద దించిన ప్రతి మడిలో
గవ్వ తవ్విన గుంతలుండాయి,
దున్నేటప్పుడు రైతులు మమ్మల్నే తిట్టుకుంటారు.
తిట్టుకోనీ.
మేం యాడ బతికామో చెప్పేదానికి
పట్టాలా ఏమన్నానా మాకు.

పో ఇంక, ఎండ ముదరతా ఉండాది.
అదిగో, ఇన్నావా?
గవ్వ కూస్తా ఉండాది, సాగదీసి.
నువ్వు వెనక్కి తిరగబాక.
నేను లేస్తా.