ముకద్దం

బల్లార్‌పూర్ గని దవాఖానల
మందుల కిటికీ పక్కన నాలుగడుగుల గాజుపెట్టె.
రిటైరై పోతపోత పెద్ద డాక్టరు వదిలిపోయిండు,
నీళ్లు మార్చే పని నా మెడకు చుట్టి.

ఏడు మోలీలు, రెండు ఏంజెల్లు,
అడుగున పాచి నాకేది ఒకటి.
ఇంకొకటి,
చంద్రపూర్ గోల్ బజార్ల బొటనవేలంత ఉన్నప్పుడు కొన్నది,
నల్ల చారల జైలు బట్టలది.
"అందర్తోని కలిసుంటది భావూ" అన్నడు అమ్మినాయన.
ఆర్నెల్లకు అరచెయ్యంత అయ్యింది.
పగిలిన కూనపెంకు కిందికెల్లి
సగం పెట్టె నాదే అన్నది.

మోలీల తోకలకు ముందు అంచులు పోయినై,
తర్వాత తోకలే పోయినై.
ఏంజెల్ ఒకటి ఫిల్టర్ గొట్టం ఎనక నిలువునా నక్కింది,
తరగతి బయట నిలబెట్టిన పిల్లగాని లెక్క.

పేరు పెట్టింది నేను గాదు.
మూడో నంబరు గనిల నడుము ఇరిగిన దాసరి ఓదెలు
సూది కోసం లైన్ల కూసుండి పూటంతా చూసి,
"గీడు మా ముకద్దమే రా వయ్యా,
తను పని చెయ్యడు, ఇంకొకన్ని కూసోనియ్యడు" అన్నడు.

మే నెల. నలభై ఏడు డిగ్రీలు.
నీళ్లు కాగితే వాని కోపం కాగుతదని
గడ్డకట్టిన సెలైన్ సీసాలు తేలేసిన.
ఫ్రిజ్ టీకాలది, చేపలది కాదని
మేశ్రామ్ సిస్టర్ నా మీద లేచింది.
ఆ పూటనే కూలర్ ముందటి బెంచి కాడ
సాత్‌పుతే భార్యకూ లారీ డ్రైవర్ తల్లికీ
జానెడు జాగ కోసం జుట్లు పట్టుకునేదాకా వచ్చింది.
ఇద్దరికీ పనికొచ్చే మాట ఒకటి ఎతికిన.
దొరకలే.

తెలిసినవన్నీ చేసిన.
తిండి ఎక్కువేస్తే
కడుపు నిండినంక ఇంకింత తీరువాటంగ తరిమిండు.
అద్దం పెడితే దాంతోనే పొద్దూకులు కొట్లాడి
ముక్కు చెక్కుకున్నడు.
రాళ్లన్నీ లేపి, పెంకును ఆ మూల నుంచి ఈ మూలకు తెచ్చిన,
ఇంటి గడప మారితే హద్దు మర్చిపోతదంటరు గదా.
నిజమే, మర్చిపోయిండు.
ఒక్కరోజు.
ఆ ఒక్కరోజు మోలీలు నడిమిట్ల ఈదినై
కొత్త ఊర్ల దిగిన చుట్టాల లెక్క
ప్రతిదీ ముట్టి చూస్కుంట.

ఆఖరుకు గిన్నెతోని పట్టి
మాత్రల తెల్ల డబ్బల నాలుగు రోజులు ఏరు పెట్టిన.
మొదటి రోజు చల్లగున్నది.
రెండో రోజు పొద్దున చూస్తే
ఆ ఏంజెల్, అదే, గొట్టం ఎనక నక్కింది,
సగం తోక మోలీని మూలకు నూకుతున్నది.
చేతుల చీటీ పట్టుకొని అట్లనే నిలబడ్డ.
ఓదెలు నడుము పట్టుకొని నవ్విండు:
"కుర్సీ ఖాళీ అయ్యిందని
దానికెవలు చెప్పిన్రు రా?"

ఇప్పుడు నడుమ దోమల జాలీ ఉన్నది.
గాయాలు కుట్టే దారంతోని నేనే కుట్టిన, వంకరగ.
ఇటు ముకద్దం, అటు మిగిలినోళ్లు.
వాని చారలు పలచబడ్డై.
పెంకు కిందికి పోతలేడు,
కావలి కాసెటందుకు దొంగలే లేకపాయె.
ఒక్కోసారి జాలీకి అటొక మోలీ, ఇటు వాడు,
ఒకటే పాచి పోగును
రెండు దిక్కులా కొరుకుతుంటరు.

నిన్న రాత్రి కరెంటు పోయింది.
మోటరు ఆగితే దవాఖానంత చెవుడొచ్చినట్టయింది.
గాలి కోసం చేపలన్నీ పైకి తేలి
నోర్లు తెరిచినై, పెద్దా చిన్నా లేకుండ.
మగ్గుతోని ముంచి, పై నుంచి పోసుడు,
జాలీకి అటు ఇరవై మగ్గులు, ఇటు ఇరవై,
తెల్లారి మూడింటిదాకా.
నిద్రల ఎక్కడ్నో లెక్క తప్పి
చెయ్యి నీళ్లలనే మర్చిపోయిన.

చిటికెన వేలు
కొరికిండు ముకద్దం.
నెత్తురైతే రాలే.