దయ్యాల ఠాణాల రైటర్ లేడు

రాత్రి తొమ్మిదింటికి మా ఇంట్ల ఠాణా తెరుస్తరు.
చిలకలగూడల రెండో అంతస్తు, నలభై మూడంగుళాల తెర,
సోఫా మీద మఠమేసుకొని నా మనుమరాలు హన్విక,
ఒళ్లె మక్కపేలాల గిన్నె.
నల్లజాకెట్టు ఎస్సై మాసాబ్‌ట్యాంక్ ఫ్లైఓవర్ మీద
దయ్యాన్ని తరుముతుంటడు.
దయ్యం లారీలకెల్లి దూరి అవుతలికి పోతది,
లారీకేం గాదు.
ఎనక దాన్ని పట్టుకొని
జీపు ఎనక సీట్ల కూసోబెడతరు.
"లారీ ఆపలేంది సీటెట్ల ఆపింది బిడ్డా?" అంటి.
"చూడనీ తాతా" అన్నది.

ముప్పై ఒక్కేండ్లు స్టేషన్ రైటర్‌గ చేసిన.
తుపాకి ముట్టింది తక్కువ, కార్బన్ కాగితం ముట్టింది ఎక్కువ.
అందుకే నా కండ్లు దయ్యం మీద నిలవయి,
బల్ల మీదికి పోతయి.
బల్ల మీద జనరల్ డైరీ లేదు.
లాకప్ రిజిస్టర్ లేదు, దారంతో కట్టిన పెన్ను లేదు.
పట్టుకొచ్చిన దయ్యానికి పుట్టుమచ్చలు రాసినోడు లేడు,
ఇరవై నాలుగు గంటలల్ల మెజిస్ట్రేటు ముంగట పెట్టినోడు లేడు.
పంచనామాకు ఇద్దరి సంతకాలు గావాలె గద,
ఏ పాన్‌డబ్బాయన ఆగుతడు దయ్యం కేసుకు?
సైకిల్ దొంగతనానికే ఆగకపోతుండె.

మూడో భాగంల దయ్యం ఉప్పుగీత దాటలే.
పదకొండో భాగంల ఉప్పు బస్తాల గోదాంలనే కాపురం.
అమాసకు బలమన్నరు,
అమాస నాడే పట్టుకున్నరు.
పాతబస్తీల సచ్చినోళ్లు గూడ
బడిపుస్తకం తెలుగే మాట్లాడతరు,
ఒక్క దయ్యం నోట్లెకెల్లి "నక్కో" రాదు.
నాలుగొందల ఏండ్ల ఊరు గద ఇది,
ఇంతమంది పోయినోళ్లు
ఒక్క పటాన్‌చెరు బంగ్లలనే ఇరుక్కొని ఉంటరా?
దయ్యాలున్నయని ఊరంతటికీ తెల్సాయె,
మరి కిరాయిలు దిగలేదేంది?
ఇరానీ హోటల్ల ఒక్కడు గూడ ఆ ముచ్చట తియ్యడేంది?
మా జహంగీర్, నా ఎదురుబల్ల మనిషి,
రెండు చాయ్‌ల నడుమ మొత్తం కానూన్ పెట్టిచ్చేటోడు:
దయ్యానికి బెయిలెంత, జామీనెవరు,
సచ్చినోడు మళ్ల సస్తే అది ఏ సెక్షన్ల వస్తది.

ఇదంత పైకే అంటున్ననేమో,
హన్విక సౌండు పెంచింది.

ఆఖర్ల ఎస్సై ఒక శవం నొసటి మీద చెయ్యి పెడతడు.
శవం కండ్లు తెరిసి
తనను సంపినోని పేరు చెప్తది, ఇంటి నంబరుతోని సహా.
కేసు ఖతం. మ్యూజిక్.

గీడ నాకు కోపమొచ్చింది.
ఎందుకొచ్చిందో జరసేపు సమజ్ గాలే.

సచ్చినోళ్లు చెప్తరంటే
చాదర్‌ఘాట్ వంతెన కింద మూసీ ఒడ్డుకు తేలిన పిల్ల
ఎందుకు చెప్పలే?
కాగితం నేనే రాసిన.
వయసు సుమారు పద్దెనిమిది. చామనఛాయ.
ఎడమ చెవికి కమ్మ ఉన్నది, కుడి చెవికి లేదు.
ఆకుపచ్చ రబ్బరు గాజులు రెండు.
పేరు అన్న కాడ గీత గీసిన,
స్కేలు పెట్టి, సక్కగ.
నా దస్తూరి మంచిగుంటదని ఏసీపీ సారు మెచ్చుకునేది.
మార్చురీల మూడు దినాలు. ఎవ్వరు రాలే.
నాలుగో దినం జహంగీరూ నేనూ చెరి యాభై ఏసుకొని
తెల్లబట్ట కొనుక్కపోయినం.
మూడు కాపీలల్ల అదే గీత,
కార్బన్ కిందికి పోయిన కొద్ది పలచన.

ఒక్క మాట చెప్పేది ఉండె ఆ పిల్ల.
ఎస్సైకి గాదు, రాసుకునేటోనికి.

యాడ్ వచ్చింది, బట్టల సబ్బుది.
హన్విక ఇటు మర్రింది,
"ఏమంటుంటివి తాతా ఇందాక?"
"ఉప్పు గురించి" అన్న.
గిన్నె నా దిక్కు జరిపింది.
నిజంగనే,
పేలాలకు ఉప్పు సరిపోలే.